గులాబీ గోడలు, తెల్ల మధుపర్కాలు

గోడకు లేత గులాబీ రంగు వేస్తే ఖైదీల కోపం చల్లారుతుందన్న నమ్మకం 1979లో అమెరికాలోని సియాటిల్‌లో మొదలైంది. అలెగ్జాండర్ షాస్ అనే పరిశోధకుని సలహాపై అక్కడి నౌకాదళ నిర్బంధ కేంద్రంలో ఒక గదికి ఆ రంగు వేయించి, కొత్తగా వచ్చినవారిని కాసేపు అందులో ఉంచారు. గొడవలు తగ్గాయని సిబ్బంది చెప్పడంతో, కేంద్రం అధికారులిద్దరి పేర్ల మీద అది ‘బేకర్-మిల్లర్ పింక్’గా ప్రసిద్ధికెక్కి, ఎన్నో జైళ్లకు పాకింది. అయితే గదికి కొత్త రంగు పడితే సిబ్బంది శ్రద్ధ, ప్రవర్తన కూడా మారవచ్చు కనుక, ఫలితం రంగుదేనని తేల్చడానికి పోల్చదగిన మరో గది ఉండి తీరాలి. స్విట్జర్లాండ్‌లోని ఒక జైలులో కొందరిని గులాబీ గదుల్లో, కొందరిని తెల్ల గదుల్లో ఉంచి పోల్చిన అధ్యయనం 2015లో వెలువడింది. ఖైదీల దూకుడులో గులాబీ రంగు వల్ల వచ్చిన తేడా ఏదీ అందులో కనబడలేదు.

అంతమాత్రాన రంగు మనల్ని తాకదని కాదు. కంటి రెటీనాలో దండ కణాలు, శంకు కణాలతో పాటు, మెలనాప్సిన్ అనే వర్ణకం ఉన్న నాడీకణాలు కొన్ని ఉన్నాయి. ఇవి సుమారు 480 నానోమీటర్ల నీలి కాంతికి బాగా స్పందించి, మెదడులోని జీవగడియారానికి పగలైందని కబురు పంపి, నిద్రకు తోడ్పడే మెలటోనిన్‌ను తగ్గిస్తాయి. ఇది కంటిలో పడిన కాంతి చేసే పని. గోడ రంగుకు అంతటి శక్తిని అంటగట్టడం తొందరపాటే.

రంగు మన అంచనాలనూ నడిపిస్తుంది. వాసన లేని ఎర్ర రంగు కలిపిన తెల్ల వైన్‌ను ఫ్రాన్స్‌లోని బోర్డోలో 54 మంది వైన్ శాస్త్ర విద్యార్థులకు ఇస్తే, దాని పరిమళాన్ని వారు ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారని 2001లో ప్రచురితమైంది.

ఇక రంగు అర్థం పూర్తిగా సమాజం ఇచ్చేదే. చైనాలో ఎరుపు పెళ్లికి, తెలుపు శోకానికి. మన పెళ్లిళ్లలో వధూవరులు కట్టే మధుపర్కాలు తెల్లని నూలు బట్టలే. అదే తెలుపును ఎన్నో కుటుంబాలు భర్త పోయిన స్త్రీల మీద బలవంతంగా రుద్దాయి. ఆ క్రూరత్వాన్ని దాటవేసి రంగుల సంప్రదాయాన్ని పొగడటం నాకు సమ్మతం కాదు. పెళ్లి పీటల మీద తెలుపు శుభంగా తోచడానికి దాని ఎర్ర అంచు, కొసలకు రాసిన పసుపు, పక్కనున్న కుంకుమ కారణం. అవేవీ లేని వట్టి తెల్లచీరను ముత్తైదువలు చాలామంది నేటికీ శుభకార్యానికి కట్టరు.