తాంబూలాల ముందు అడగాల్సిన ప్రశ్నలు: పెళ్లి చుట్టూ అపోహలు, వాస్తవాలు

భరణం కేసు వేసినప్పుడు భార్యాభర్తలిద్దరూ కోర్టుకు ఒక అఫిడవిట్ ఇవ్వాలి. జీతమెంత, అప్పులెన్ని, నెలనెలా ఎవరికి పంపుతున్నారు, ఎవరి మీద ఏ ఆస్తి ఉంది, ఎవరెవరు మీ మీద ఆధారపడి ఉన్నారు అని వరసగా ప్రశ్నలుంటాయి. 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ఇది దేశమంతటా తప్పనిసరైంది. ఫ్యామిలీ కోర్టు వకీలుగా ఆ ఫారం నింపించే ప్రతిసారీ అనుకుంటాను, ఇవన్నీ పెళ్లిచూపుల నాడు అడగాల్సిన ప్రశ్నలే కదా అని. అప్పుడు మొహమాటపడి అడగనివాటికే ఇప్పుడు ప్రమాణం చేసి జవాబు రాస్తున్నారు.

మన సంబంధాల్లో మాటలకేమీ కొరత లేదు. ఎకరాలెన్ని, బంగారమెంత, ఆడపడుచు లాంఛనాలేమిటి, ఫంక్షన్ హాలు ఎవరి ఖర్చు అని రెండు వైపుల పెద్దలూ గంటలకొద్దీ మాట్లాడుకుంటారు. కలిసి బతకాల్సిన ఇద్దరినీ మాత్రం పది నిమిషాలు డాబా మీదికి పంపి, కిందికి రాగానే ‘నచ్చాడా’ అని అడుగుతారు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువగా వినిపించే అపోహలు కొన్ని రాస్తున్నాను. చట్టం సంగతులు ముఖ్యంగా హిందూ వివాహాలకు వర్తించేవి.

అపోహ: జీతం అడగొచ్చు గానీ అప్పులు అడిగితే బాగోదు

జీతం ఎవరూ దాచరు, కాస్త పెంచి చెబుతారంతే. దాచేది అప్పు. చెల్లెలి పెళ్లికి తీసుకున్న పర్సనల్ లోన్, స్నేహితుడికి పెట్టిన జామీను సంతకం, నాన్నగారి వైద్యానికి వాడేసిన క్రెడిట్ కార్డు, ఈ మధ్య కొత్తగా బెట్టింగ్ యాప్‌లు, లోన్ యాప్‌లు. మొదటి మూడింట్లో తప్పేమీ లేదు, చెప్పకపోవడమే తప్పు. లక్ష రూపాయల జీతంలో అరవై వేలు ఈఎంఐలకే పోతున్నాయని పెళ్లైన మూడో నెలలో తెలిస్తే, ఆ అమ్మాయికి అప్పు కన్నా అబద్ధమే ఎక్కువ బాధిస్తుంది.

నేనిచ్చే సలహా మోటుగా ఉంటుంది. నిశ్చితార్థానికి ముందే ఇద్దరూ తమ సిబిల్ రిపోర్టులు, అంటే బ్యాంకు అప్పుల చరిత్ర చూపే కాగితాలు, తెచ్చుకుని పక్కపక్కన పెట్టుకుని చూడండి. జాతకాలు మార్చుకోగా లేనిది ఇందులో తప్పేముంది? అందులో స్కోరు ఒక్కటే కాదు, నడుస్తున్న లోన్లు, కట్టని వాయిదాలు, జామీను ఉన్న ఖాతాలు కూడా కనిపిస్తాయి. చేబదుళ్లు, వడ్డీ వ్యాపారుల దగ్గర తెచ్చినవి, చిట్టీ పాడుకుని ఇంకా కడుతున్న వాయిదాలు అందులో ఉండవు. అవి నోటితో అడిగి తెలుసుకోవాల్సిందే.

దీనికి తోక లాంటి అపోహ ఇంకొకటి ఉంది, భర్త అప్పు భార్య తీర్చాలని. సహ రుణగ్రహీతగానో జామీనుదారుగానో సంతకం పెడితే తప్ప ఆమె సొంత సంపాదనకు, సొంత ఆస్తికి ఆ బాధ్యత అంటదు. అందుకే పెళ్లైన కొత్తలో ‘ఊరికే ఒక సంతకం’ అంటూ వచ్చే బ్యాంకు కాగితాలను చదివి గానీ ముట్టుకోవద్దని అమ్మాయిలకు చెబుతుంటాను. అబ్బాయిలకూ అదే మాట, ముఖ్యంగా బావమరిది వ్యాపారం సంగతి వచ్చినప్పుడు.

అపోహ: కట్నం ఇచ్చేశాం కాబట్టి అమ్మాయికి ఇక ఆస్తిలో వాటా లేదు

ఈ మాట చదువుకున్న కుటుంబాల్లోనూ ధీమాగా వినిపిస్తుంది. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు వాటా ఇవ్వడంలో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశం కన్నా ఇరవై ఏళ్లు ముందుంది. హిందూ వారసత్వ చట్టానికి ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చి, అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది. 2005లో కేంద్రం చేసిన సవరణ పెళ్లైనవాళ్లకూ దాన్ని వర్తింపజేసింది. ఆ నాటికి తండ్రి బతికి లేకపోయినా కూతురి హక్కు పోదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. తండ్రి స్వార్జితం వేరు, దాన్ని ఆయన ఎవరికైనా రాసుకోవచ్చు. 2004 డిసెంబరు 20కి ముందు పద్ధతిగా రిజిస్టరైన పంపకాలను ఇప్పుడు తిరగదోడలేరు. అంతే తప్ప, కట్నం ఇచ్చినంత మాత్రాన వాటా చెల్లిపోయిందనడానికి చట్టంలో ఎక్కడా ఆధారం లేదు.

అసలు కట్నం ఇవ్వడమూ నేరమే, తీసుకోవడమూ నేరమే. 1961 చట్టం ప్రకారం రెంటికీ కనీసం ఐదేళ్ల శిక్ష ఉంది. అందరికీ తెలిసినా ఎవరూ ఆగడం లేదు కాబట్టి దాని గురించి ఉపన్యాసం ఇవ్వను. బంగారం సంగతి మాత్రం చెప్పి తీరాలి. అమ్మాయికి పెట్టిన నగలు, ఇరువైపుల నుంచీ వచ్చిన కానుకలు ఆమె స్త్రీధనం. భర్తకు గానీ అత్తగారికి గానీ వాటి మీద హక్కు లేదు. తండ్రికి కూడా లేదు. తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో, కూతురి అనుమతి లేకుండా ఆమె మాజీ అత్తింటివారి నుంచి నగలు రాబట్టాలని తండ్రి కేసు పెడితే, ఆ హక్కు ఆయనకు లేదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది.

కానుకల జాబితా రాసి ఇద్దరూ సంతకాలు పెట్టాలని 1985 నుంచే నిబంధన ఉంది. వంద పెళ్లిళ్లు చూస్తే ఒక్కదాంట్లోనైనా అది కనిపించదు. పోనీ, నగల ఫొటోలు, కొన్న బిల్లులు ఒక ఫైల్లో పెట్టుకోండి. లాకరు ఎవరి పేరున ఉండాలో ముందే అనుకోండి. ‘అత్తగారి లాకర్లో భద్రంగా ఉన్నాయి’ అనే వాక్యం నేను కేసుల్లో లెక్కలేనన్ని సార్లు చదివాను. పసుపు కుంకుమల కింద పొలం ఇస్తామని మాటిచ్చేవాళ్లు దాన్ని రిజిస్టర్డ్ గిఫ్టు డీడుగా రాయించండి. నోటిమాటగా ఇచ్చిన ఎకరం అన్నదమ్ముల పిల్లల కాలానికి తగాదాగా మిగులుతుంది.

అపోహ: అమ్మానాన్నల బాధ్యత కొడుకుదే

ఒక్క కూతురే ఉన్న ఇళ్లు ఇప్పుడు వీధికి నాలుగున్నాయి. ‘పెళ్లయ్యాక మా అమ్మకు నెలకు పదివేలు పంపుతాను’ అని అమ్మాయి ముందే చెబితే సంబంధం తప్పిపోతుందని భయపెడతారు. 2007 నాటి తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ చట్టం కొడుకుతో పాటు కూతురినీ బాధ్యురాలిగానే చూస్తుంది. పెళ్లైన కూతురు కూడా తల్లిదండ్రులకు భరణం ఇవ్వాల్సి రావచ్చని 1987లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి అడగాల్సింది ‘పంపుతావా’ అని కాదు. ఎంత, ఎన్నాళ్లు, అత్యవసరమైతే ఎవరి ఇంట్లో ఎవరు ఉంటారు అని. ఈ లెక్క రెండు వైపులకూ వేయాలి. అబ్బాయి వాళ్ల నాన్నకు పెన్షన్ ఉందా, ఆరోగ్య బీమా ఉందా, వాళ్లు ఊళ్లోనే ఉంటారా, ఏడాదిలో సగం మీ దగ్గరుంటారా అన్నీ మాట్లాడుకోండి.

వారసత్వం గురించి ఇక్కడే ఒక మాట, చాలామంది ఉలిక్కిపడేది. వీలునామా లేకుండా భర్త చనిపోతే భార్య, పిల్లలు, తల్లి సమానంగా పంచుకుంటారు. తండ్రి ఆ మొదటి వరసలో లేడు. భార్య చనిపోతే ఆమె సొంత సంపాదన భర్తకు, పిల్లలకు చెందుతుంది. వాళ్లెవరూ లేకపోతే ఆమెను కని చదివించిన తల్లిదండ్రుల కన్నా ముందు భర్త తరఫు వారసులకు వెళుతుంది. పుట్టింటి నుంచి వారసత్వంగా వచ్చినదైతే, పిల్లలు లేనప్పుడు తండ్రి వారసులకు తిరిగి పోతుంది. ఉద్యోగం చేసే అమ్మాయిలు పాతికేళ్లకే వీలునామా రాసుకోవడంలో అపశకునమేమీ లేదు. పెళ్లికి ముందు పీఎఫ్‌లో రాసిన నామినేషన్‌ను నమ్ముకుని కూర్చోకండి, పెళ్లయ్యాక కొత్తది ఇవ్వాలి.

అపోహ: ఒకే బ్లడ్ గ్రూప్ అయితే పిల్లలు పుట్టరు

పుడతారు, నిక్షేపంగా. గ్రూప్ ఒకటైతే సమస్యేమీ లేదు. చూసుకోవాల్సింది ఆర్‌హెచ్, అంటే గ్రూపు పక్కన రాసే పాజిటివ్, నెగెటివ్. తల్లి నెగెటివ్, బిడ్డ పాజిటివ్ అయితే రెండో కాన్పు నుంచి ఇబ్బంది రావచ్చు. దానికి యాంటీ-డి ఇంజెక్షన్ ఉంది, డాక్టర్లు ఇస్తారు. ఈ ఒక్క కారణంతో సంబంధం వదులుకోనక్కర్లేదు.

నిజంగా చేయించాల్సిన పరీక్షను మాత్రం ఎవరూ అడగరు. అది తలసేమియా అనే వంశపారంపర్య రక్త జబ్బుకు చేసే క్యారియర్ పరీక్ష, ల్యాబుల్లో హెచ్‌బీఏ2 అంటారు. క్యారియర్ అంటే ఆ జబ్బు జన్యువును మోసే మనిషి, పైకి ఏ జబ్బూ ఉండదు, కాస్త రక్తం తక్కువ అంటారంతే. ఇద్దరూ క్యారియర్లైతే మాత్రం ప్రతి కాన్పులో బిడ్డకు తలసేమియా మేజర్ వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఆ బిడ్డకు జీవితాంతం రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఏజెన్సీ ప్రాంతాల్లో కనిపించే మరో వంశపారంపర్య రక్త జబ్బు సికిల్ సెల్‌కూ ఇదే లెక్క. ఇద్దరూ క్యారియర్లని తేలినంత మాత్రాన పెళ్లి ఆపుకోవాలని లేదు. గర్భం వచ్చాక మూడో నెల ప్రాంతంలోనే బిడ్డకు పరీక్ష చేయించవచ్చు. తెలిసి చేసుకోవడానికీ తెలియక చేసుకోవడానికీ తేడా అదే.

మేనరికాలకు ఇది మరీ ముఖ్యం. బావామరదళ్ల జన్యువుల్లో ఎనిమిదో వంతు ఉమ్మడిగా ఉంటాయి, మేనమామ మేనకోడళ్లకైతే నాలుగో వంతు. ‘మా తాత అమ్మమ్మలదీ మేనరికమే, ఏమైంది?’ అంటారు. ఏమీ కాకపోవచ్చు. మామూలు దంపతులకు నూటికి రెండు మూడుగా ఉండే పుట్టుక లోపాల ప్రమాదం బావామరదళ్లకు దాదాపు రెట్టింపవుతుంది. తరతరాలుగా మేనరికాలే జరుగుతున్న కుటుంబాల్లో ఇంకా పెరుగుతుంది. ఆచారం ఉన్నచోట చట్టం ఈ పెళ్లిళ్లను ఒప్పుకుంటుంది, జన్యువులకు మాత్రం ఆచారంతో పనిలేదు. జెనెటిక్ కౌన్సెలర్‌ను ఒకసారి కలవండి.

అపోహ: జబ్బు సంగతి పెళ్లయ్యాక మెల్లగా చెప్పుకోవచ్చు

ఫిట్స్, మానసిక అనారోగ్యానికి వాడుతున్న మందులు, ముందు జరిగిన పెళ్లి, విడాకులు, సంతానానికి అడ్డొచ్చే సమస్య. ఇవన్నీ ‘తెలిస్తే సంబంధం తప్పిపోతుంది’ అని పెద్దలు దాచేవి. పెళ్లికి ఒప్పుకునేలా ముఖ్యమైన విషయాన్ని దాచి మోసం చేస్తే, ఆ పెళ్లిని రద్దు చేయమని హిందూ వివాహ చట్టంలోని 12వ సెక్షన్ కింద అడగవచ్చు. మోసం తెలిసిన ఏడాదిలోపు కోర్టుకు రావాలి, తెలిశాక ఇష్టపడి కాపురం చేసి ఉండకూడదు. ‘ఏది ముఖ్యమైన విషయం’ అన్న దాని మీద వాదనలు ఏళ్ల తరబడి నడుస్తాయి. మందులు వాడుతూ చక్కగా ఉద్యోగం చేసుకునేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పి, చికిత్స చేస్తున్న డాక్టరుతో అవతలివాళ్లను మాట్లాడించడమే మంచిది. అలా జరిగిన పెళ్లిళ్లు నిలవడం నేను చూశాను.

అపోహ: అమెరికా సంబంధం అంటే ఇక చూడక్కర్లేదు

ఎక్కువ చూడాల్సింది ఇక్కడే. అబ్బాయి ఏ వీసా మీద ఉన్నాడు? స్టూడెంట్ వీసా అయితే భార్యగా వెళ్లే అమ్మాయికి అక్కడ ఉద్యోగం చేసే వీల్లేదు. హెచ్-1బీ ఉద్యోగ వీసా అయితే ఆమెకు భార్యగా హెచ్-4 వీసా వస్తుంది. గ్రీన్‌కార్డు ప్రక్రియలో భర్తకు ఐ-140 (అతని కోసం కంపెనీ పెట్టే దరఖాస్తు) ఆమోదం వంటివి ఉంటేనే ఆమె పని అనుమతికి దరఖాస్తు చేసుకోగలదు. ఆ అవకాశమైనా 2015 నుంచే ఉంది. ఇక్కడ టీమ్ లీడ్‌గా ఉన్న అమ్మాయి అక్కడ నాలుగేళ్లు వంటింట్లో కూర్చోవాల్సి వస్తుందని తెలియకుండానే విమానం ఎక్కిస్తున్నారు. ఐ-140 అయిందా అని అడగడం అమర్యాద కాదు. కంపెనీ పేరు, ఉంటున్న చిరునామా, పెళ్లి చరిత్ర కూడా మధ్యవర్తి మాట మీద కాక కాగితాల మీద చూసుకోండి.

‘అక్కడి కోర్టు విడాకులిచ్చేస్తే ఇక్కడ ఏం చేయలేం’ అన్నదీ పూర్తి నిజం కాదు. తిరుపతిలో 1975లో జరిగిన ఒక పెళ్లికి భర్త మిస్సోరీ కోర్టులో విడాకులు తెచ్చుకుంటే, అది ఇక్కడ చెల్లదని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. అవతలివారు ఆ కోర్టు పరిధికి ఒప్పుకుని హాజరైతే కథ వేరు. అందుకే అక్కడి నుంచి నోటీసు వస్తే జవాబిచ్చే ముందే వకీలును కలవాలి.

చిన్నవి కొన్ని

ఇంటిపేరు మార్చుకోవాలని చట్టమేదీ చెప్పడం లేదు. మార్చుకుంటే పాన్, ఆధార్, పాస్‌పోర్టు, బ్యాంకు అన్నింట్లో ఒకేలా మార్చండి, సగం మార్చి వదిలేస్తేనే చిక్కు.

రిజిస్ట్రేషన్ అక్కర్లేదనడం తప్పు. మనకు 2002 నుంచే తప్పనిసరి చట్టం ఉంది. అలాగని రిజిస్ట్రేషన్ ఒక్కటే సరిపోతుందన్నదీ తప్పే. హిందూ వివాహ చట్టం కింద శాస్త్రోక్తంగానో ఆచారం ప్రకారమో పెళ్లి తంతు జరగకుండా సర్టిఫికెట్ మాత్రమే తెచ్చుకుంటే అది పెళ్లి కాదని 2024లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. వీసా కోసం ముందుగానే కాగితం తెచ్చుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. తంతు వద్దనుకునేవాళ్లకు 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది, ముప్పై రోజుల నోటీసు ఇవ్వాలి.

సినిమాలు చూసి ‘ప్రీనప్ రాయిస్తారా’ అని అడిగేవాళ్లు పెరిగారు. విడిపోతే ఎవరికెంత అని ముందే రాసుకున్న ఒప్పందాన్ని ఇక్కడి కోర్టుల్లో అమలు చేయించుకోగలమని ఆశపెట్టుకోవద్దు. ఎవరేం తెచ్చారో రాసుకున్న జాబితా మాత్రం సాక్ష్యంగా పనికొస్తుంది.

అపోహ: తాంబూలాలు మార్చుకున్నాక వెనక్కి వెళితే పరువు పోతుంది

చట్టం దృష్టిలో నిశ్చితార్థం పెళ్లి కాదు. ఆగిపోతే నాలుగు నెలలు ఊరు మాట్లాడుకుంటుంది. పెళ్లయ్యాక బయటికి రావాలంటే, అసాధారణ పరిస్థితుల్లో తప్ప, మొదటి ఏడాది విడాకుల పిటిషనే వేయలేరు. ఇద్దరూ ఒప్పుకున్నా ఏడాది విడిగా ఉండాలి, ఆపైన ఆరు నెలల గడువు. తగిన కారణముంటే ఆ ఆరు నెలలను కోర్టు మాఫీ చేయవచ్చని 2017లో తీర్పు వచ్చింది గానీ అది కోర్టు విచక్షణ. ఒకరు ఒప్పుకోకపోతే ఎన్నేళ్లో నేనూ చెప్పలేను.

కాబట్టి సిబిల్ రిపోర్టు చూపించమంటే కోపం తెచ్చుకున్నవాళ్లను, రక్తపరీక్ష అంటే ‘మమ్మల్ని అనుమానిస్తున్నారా’ అన్నవాళ్లను మరొకసారి, మెల్లగా, అమ్మాయీ అబ్బాయీ నేరుగా మాట్లాడుకునేలా చేసి అడగండి. అప్పటికీ జవాబు రాకపోతే ఆగిపోవచ్చు. పెట్టిన నగలు, చీరలు, ఇచ్చిన డబ్బు తిరిగి ఇచ్చిపుచ్చుకుని, హాలు అడ్వాన్సు వంటి ఖర్చుల లెక్క తేల్చుకుని, ఇక ఒకరి మీద ఒకరికి ఏ బాకీ లేదని ఒక కాగితం మీద రాసి రెండు వైపులవాళ్లూ సంతకాలు పెట్టుకోండి. తలా ఒక కాపీ దాచుకోండి.