87తో భాగించిన రైలు

శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక కుర్రాడు రాశాడు. "మీ ఇంట్లో చేసిన చిన్న రైలు వీడియో చూశాను సార్. ఇంజిన్, పెట్టెలు, స్టేషన్, చింతచెట్టు అన్నీ కొలత ప్రకారమే ఉన్నాయి. బండి ఆగి ఉన్నంతసేపూ నిజందే అనుకున్నాను. కదలగానే బొమ్మ అని తెలిసిపోయింది. ఎందుకలా?"

మొదట కోపం వచ్చింది. మూడేళ్ల పని అది. తర్వాత వీడియో మళ్లీ చూసుకుంటే కుర్రాడి మాటే నిజం అనిపించింది. ఇలాంటి ప్రశ్న ఒకటి దొరికితే నాకు రెండు రోజులు నిద్ర పట్టదు.

ముందు బండి సంగతి. నేను చేసుకున్నది నౌపడ–గుణుపురం లైను. పర్లాకిమిడి మహారాజు తన సంస్థానాన్ని మెయిన్ లైనుకు కలపడానికి వేయించిన రైలు అది. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా మొదలైంది, 1931కి గుణుపురం చేరింది. మొత్తం మీద 90 కిలోమీటర్లు. పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులు, అంటే 762 మిల్లీమీటర్లు. మన బ్రాడ్ గేజికి 1676. 2004లో ఆ చిన్న బండి ఆగిపోయింది, తర్వాత అదే దారిలో బ్రాడ్ గేజి వేశారు. 90 కిలోమీటర్లూ ఇంట్లో పట్టదు కాబట్టి నేను నౌపడ యార్డు, పక్కన ఉప్పు మళ్లు, టెక్కలి వైపు తిరిగే ఒక వంపు మాత్రం చేశాను. ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు ప్లైవుడ్ మీద. దీన్ని లేఅవుట్ అంటారు. ఆ మాట వినగానే మా చుట్టాలు గజం ఎంత అని అడుగుతారు.

ప్లైవుడ్ కోయడం, జిగురు పెట్టడం, రంగులు వేయడం వదిలేస్తున్నాను, అవి ఎవరైనా చేస్తారు. అసలు విషయం 87.

అడుగుకు మూడున్నర మిల్లీమీటర్లు అనే లెక్క నుంచి పుట్టిన సంఖ్య ఇది. నిజమైన వస్తువు పొడవును 87తో భాగిస్తే మోడల్ పొడవు. 762ను 87తో భాగిస్తే 8.76. బజారులో 9 మిల్లీమీటర్ల పట్టాలు రెడీగా దొరుకుతాయి. నిజానికి అవి 1:160 కొలతలో చేసే ఇంకా చిన్న మోడళ్ల కోసం పుట్టినవి. నారో గేజి వాళ్లు ఆ చిన్న బండి చక్రాలూ మోటారూ తీసుకుని, పైన 1:87 ఒళ్లు కూర్చోబెడతారు. మనవడి చెప్పుల్లో తాతగారు నడిచినట్టు. పావు మిల్లీమీటరు తేడా కంటికి తెలియదు. స్లీపర్లు మాత్రం తెలుస్తాయి. ఆ పట్టాల కింద అవి మరీ చిన్నగా, మరీ దగ్గరగా ఉంటాయి. నేను బ్లేడుతో ఒక్కొక్కటీ కోసి తీసేసి, వెడల్పాటి చెక్క ముక్కలు ఎడంగా అతికించాను. అంతే, స్టేషన్ ముఖమే మారిపోయింది.

వంపుల విషయంలో నారో గేజి మహా అనుకూలం. బ్రాడ్ గేజిలో 5 డిగ్రీల వంపు అంటేనే గట్టి వంపు. దాని వ్యాసార్ధం 350 మీటర్లు. 87తో భాగిస్తే నాలుగు మీటర్లు, గోడలు పడగొట్టాలి. డార్జిలింగ్ రైలు గేజి ఇంకా చిన్నది, రెండు అడుగులు. అక్కడ 'అగొనీ పాయింట్' అనే చోట వంపు వ్యాసార్ధం 18 మీటర్లే. 87తో భాగిస్తే 21 సెంటీమీటర్లు. పెద్ద భోజనం పళ్లెం చుట్టూ పట్టా వేసినట్టే. నా వంపూ అంతే.

ఇంతవరకూ పొడవులు. తంటా అంతా ఆ తర్వాతే. బడిలో ఘనం భుజం రెట్టింపైతే ఘనపరిమాణం ఎనిమిది రెట్లు అని బోర్డు మీద రాసి, వెంటనే ఎక్సర్‌సైజులోకి వెళ్లిపోతాం. నేనూ చాలా ఏళ్లు అలాగే చెప్పాను. ఆ వాక్యంలో ఒక రైలు ఉందని నాకే తట్టలేదు. పొడవు 87 రెట్లు తగ్గితే వైశాల్యం 87 × 87, అంటే 7,569 రెట్లు తగ్గుతుంది. బరువు ఏకంగా 6,58,503 రెట్లు! 30 టన్నుల ఇంజిన్ అనుకుందాం. అదే లోహం, అదే నిర్మాణం అనుకుంటే మోడల్ బరువు 46 గ్రాములు. కోడిగుడ్డు అంత కూడా కాదు. ఎనిమిది చక్రాలకు పంచితే ఒక్కో చక్రం మీద ఆరు గ్రాముల లోపు, రెండు రూపాయి బిళ్ళల బరువు కూడా రాదు.

ఆ రెండు బిళ్ళల బరువుతోనే చక్రం పట్టాను నొక్కాలి, పట్టాలోంచి 12 వోల్టుల కరెంటు అందుకోవాలి. ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి, గట్టి ఫిజిక్స్ వస్తోంది. రెండు లోహాలు తాకుతున్నాయంటే కంటికి కనిపించే మేరంతా తాకుతున్నట్టు కాదు. కేంబ్రిడ్జిలో బౌడెన్, టేబర్ చూపించింది ఇదే: ఎంత నున్నని లోహమైనా సూక్ష్మంగా చూస్తే గుట్టలూ పల్లాలే. గుట్టల కొసలు మాత్రమే తాకుతాయి. నిజంగా తాకే వైశాల్యం నొక్కుడు బలాన్ని లోహం గట్టిదనంతో భాగిస్తే వస్తుంది. నొక్కుడు ఆరున్నర లక్షల రెట్లు తగ్గింది, లోహం గట్టిదనం ఏమీ తగ్గలేదు. కాబట్టి తాకే చోటు కూడా ఆరున్నర లక్షల రెట్లు తగ్గింది. చక్రం వైశాల్యం తగ్గింది 7,569 రెట్లే. అంటే తన సైజుకు తగ్గట్టు తాకాల్సినదాంట్లో 87వ వంతే తాకుతోంది! ఇక దుమ్ము రేణువును ఎవరూ 87తో భాగించలేదు. టన్నుల ఇంజిన్ కింద నలిగి పిండయ్యే రేణువు, నా ఇంజిన్‌కు దారిలో పడ్డ బండరాయి. చక్రం లేస్తుంది, చిటుక్కున చిన్న నిప్పురవ్వ, అక్కడ నల్లటి మరక, రేపు అదే చోట మళ్లీ ఆగడం.

చుట్టాలు వచ్చినప్పుడే బండి ఆగిపోయేది. మా పెద్దమ్మ చూసి "దిష్టి తగిలిందిరా" అని నిమ్మకాయ మిరపకాయలు కట్టమంది. నేను నవ్వాను గానీ, చుట్టాలున్నప్పుడే ఆగుతుందన్న మాట మాత్రం నిజమే, లెక్క రాసి చూశాను. కారణం తర్వాత దొరికింది. ఎవరైనా వస్తున్నారంటే ఇల్లు చిమ్ముతాం, ఫ్యాను వేస్తాం, పక్క గదిలో సాంబ్రాణి వేస్తాం. దుమ్మూ పొగా కలిసి పట్టా మీద సన్నటి పొరలా దిగుతాయి. అంటే పక్క గదిలో వేసిన సాంబ్రాణే దిష్టి అన్నమాట. పెద్దమ్మకు ఈ సంగతి చెప్పలేదు.

దీనికి నేను చేసినవి మూడు. ఒకటి, బరువు పెంచడం. చేపల వలకు కట్టే సీసం గుండ్లు సుత్తితో చదును చేసి ఇంజిన్ లోపల కూర్చాను. 46 గ్రాముల చోట 70 అయింది. సీసం ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి. రెండు, టెండర్ (ఇంజిన్ వెనక బొగ్గూ నీళ్లూ మోసే పెట్టె) చక్రాలకు కూడా సన్నటి కంచు తీగలు ఆనించి కరెంటు తీసుకున్నాను. ఒక చక్రం లేస్తే ఇంకొకటి అందుకుంటుంది. మూడు, పాయింట్లు. దారి చీలే చోట పట్టాలు వి ఆకారంలో కలుస్తాయి కదా, చవక పాయింట్లలో ఆ ముక్క ప్లాస్టిక్. పొట్టి ఇంజిన్ దాని మీదికి వచ్చిందంటే కరెంటు తెగినట్టే. అది పీకేసి లోహపు ముక్క ఉన్నవి వేశాను, దారి మార్చినప్పుడల్లా దాని ధ్రువం మారేలా కింద స్విచ్ పెట్టాను. పట్టాను మాత్రం గరుకు కాగితంతో రుద్దకండి. గీతలు పడితే మురికికి మడులు కట్టి ఇచ్చినట్టే. గుడ్డకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపి తుడిస్తే చాలు. అన్నట్టు ఈ పట్టాల లోహాన్ని జర్మన్ సిల్వర్ అంటారు. రాగి, నికెల్, జింకు తప్ప అందులో వెండి రవ్వంత కూడా లేదు.

కుదుపులు పోయాయి. అయినా బొమ్మే!

ఈసారి ఆగడం గమనించాను. నిజమైన బండి 30 కిలోమీటర్ల వేగంతో వస్తూ ఆవిరి కట్టేస్తే, బ్రేకు వేయకపోతే చాలా దూరం దొర్లుతుంది. టన్నుకు నాలుగు కిలోల నిరోధం అనుకుంటే దాదాపు 900 మీటర్లు. 87తో భాగిస్తే పది మీటర్లు. నా మోడల్? దాని నిరోధం కొలవడం తేలిక. మీటరు పట్టా మీద పెట్టెను ఉంచి ఒక చివర మెల్లగా ఎత్తుతూ పోండి. నా పెట్టె రెండున్నర సెంటీమీటర్లు ఎత్తాక తనంతట తాను కదిలింది. అంటే బరువులో నలభయ్యో వంతు నిరోధం, పెద్ద బండి కన్నా ఆరు రెట్లు ఎక్కువ. 30 కిలోమీటర్లను 87తో భాగిస్తే సెకనుకు 9.6 సెంటీమీటర్లు. ఆ వేగం నుంచి పెట్టె ఎంత దొర్లుతుంది? రెండు సెంటీమీటర్లు! పది మీటర్లు రావలసిన చోట రెండు సెంటీమీటర్లు. దొర్లే దూరం వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. వేగం 87 రెట్లు తగ్గితే దూరం 7,569 రెట్లు పడిపోతుంది. నాకు కావలసింది 87 రెట్లే. మిగిలిన ఆరు రెట్లు ఇరుసుల రాపిడి తినేస్తోంది. కంటికి ఈ లెక్కలేవీ తెలియవు, "బరువున్న వస్తువు ఇలా ఆగదు" అని మాత్రం తెలుసు. కుర్రాడు పట్టుకున్నది అదే.

దీనికి విరుగుడు ఫ్లైవీల్. మోటారు ఇరుసుకు చిన్న ఇత్తడి బిళ్ళ తగిలిస్తారు. నాది సెంటీమీటరు వెడల్పు, 8 మిల్లీమీటర్ల మందం, ఐదు గ్రాముల పైచిలుకు. 200 గ్రాముల బండి మొత్తం ఆ వేగంలో దాచుకున్న శక్తి 0.0009 జౌళ్లు. నిమిషానికి 6,000 చుట్లు తిరిగే ఈ ఐదు గ్రాముల బిళ్ళ దాచుకున్నది 0.013. పద్నాలుగు రెట్లు! లెక్క ప్రకారం కరెంటు తీసేశాక 28 సెంటీమీటర్లకు పైగా పోవాలి, నా బండి ఏడు పోయింది. మిగతాది మోటారును చక్రాలకు కలిపే వార్మ్ గేరు మింగింది. ఒక చిక్కు కూడా ఉంది. వేగం సగమైతే బిళ్ళలో శక్తి నాలుగో వంతే. యార్డులో పాకుతున్నప్పుడు, అంటే సాయం నిజంగా కావలసినప్పుడు, చేతులెత్తేస్తుంది. అందుకే ఇప్పుడు చాలామంది దాంతో పాటు కాస్త కరెంటు దాచుకునే కెపాసిటర్ కూడా పెడుతున్నారు.

ఇంకో దారి ఉంది, అది తట్టినప్పుడు కుర్చీలోంచి లేచాను. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో విలియం ఫ్రౌడ్ అనే ఇంజనీరు ఓడల నమూనాలను తొట్టిలో లాగి చూసేవాడు. నమూనా వేగాన్ని పొడవు నిష్పత్తితో కాదు, దాని వర్గమూలంతో భాగించాలని ఆయన పద్ధతి. 87 వర్గమూలం 9.3. మన 30 కిలోమీటర్లను 9.3తో భాగిస్తే సెకనుకు 90 సెంటీమీటర్లు. ఆ వేగంలో ఊగడం, ఒరగడం, పడిపోవడం అన్నీ నిజమైన బండికి సరిగ్గా సరిపోతాయి. అయితే అన్నీ 9.3 రెట్లు తొందరగా జరుగుతాయి. పిల్లల చేతికి కంట్రోలర్ ఇస్తే నడిపేది దాదాపు ఆ వేగంతోనే. "మెల్లగా, మెల్లగా" అని అరుస్తూ నేను ఇన్నాళ్లూ వాళ్లను తిట్టాను.

ఫోన్లో స్లో మోషన్ సెకనుకు 240 ఫ్రేములు తీస్తుంది. దాన్ని 24కి తగ్గించి చూపిస్తే పది రెట్లు నెమ్మది, 9.3కు ఆనుకునే ఉంది. మా మేనకోడలు కంట్రోలర్ పూర్తిగా తిప్పేసింది, బండి 21 సెంటీమీటర్ల వంపు మీదికి దూసుకొచ్చింది, తీశాను. ఫోన్లో చూస్తే ఇంజిన్ వంపులోకి బరువుగా దిగింది, బయటి పక్కకు మెల్లగా ఒరిగింది, లోపలి చక్రాలు ఒక్కొక్కటే లేచాయి. తర్వాత పెట్టెలను తనతో ఈడ్చుకుంటూ ఉప్పు మళ్లలో పడింది. 18 మీటర్ల వంపులో 30 కిలోమీటర్ల వేగంతో వెళితే పెద్ద బండికీ అదే గతి. బఫర్ ఒకటి విరిగింది. పోతే పోయింది.

వీడియో కుర్రాడికి పంపాను. సాయంత్రానికి జవాబు వచ్చింది: "ఈసారి భయమేసింది సార్. కానీ పొగ ఏది?"

పొగ పెట్టవచ్చు. చిమ్నీలో నూనె వేడి చేసే చిన్న గొట్టాలు దొరుకుతాయి. కానీ అందులోంచి వచ్చేది సన్నటి దారం, మేఘంలా సుడులు తిరగదు. సుడి పుట్టాలంటే వేగాన్ని పొడవుతో గుణించి గాలి జిగటతో భాగిస్తే పెద్ద సంఖ్య రావాలి. వేగం తగ్గించాను, పొడవు తగ్గించాను, గాలి జిగటను మాత్రం 87తో భాగించలేను. పైగా ఆ నూనె పొగ దిగేది మళ్లీ పట్టాల మీదే.