చొక్కా కిందా, నడుము పైనా: టెక్సాస్‌లో పిస్టల్ వెంట పెట్టుకోవడంపై అపోహలు - వాస్తవాలు

టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి 21 ఏళ్లు నిండి, చట్టపరమైన అడ్డంకులు లేనివాళ్లు లైసెన్స్ లేకుండానే పిస్టల్ వెంట పెట్టుకోవచ్చు. ఫ్రిస్కో, ఇర్వింగ్ వైపు ఉండే మనవాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే: నలుగురికీ కనబడేలా నడుముకు పెట్టుకోవాలా, చొక్కా కింద దాచుకోవాలా? దానికన్నా ముందు తేలాల్సింది మీ వీసా సంగతి.

అపోహ: లైసెన్సే అక్కర్లేదన్నప్పుడు హెచ్1బీ మీద ఉన్నా పర్వాలేదు.

పర్వా ఉంది. లైసెన్స్ మాట రాష్ట్ర చట్టానిది. వీసా మాట ఫెడరల్ చట్టానిది. హెచ్1బీ, హెచ్4, ఎఫ్1, ఎల్1, బీ2 వంటి తాత్కాలిక వీసాల మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ కలిగి ఉండకూడదు. దాచుకున్నారా, బయటికి పెట్టుకున్నారా అన్నది ఇక్కడ లెక్కలోకే రాదు. 15 ఏళ్ల దాకా జైలు పడవచ్చు. తుపాకీ నేరం దేశం నుంచి పంపించేయడానికి విడిగా ఒక కారణం కూడా.

మినహాయింపుల్లో అందరూ వాడుకునేది వేట లైసెన్స్. ఏదైనా ఒక అమెరికా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉంటే ఈ నిషేధం వర్తించదు. చిక్కంతా గడువులోనే. టెక్సాస్ వేట లైసెన్స్ ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో ముగుస్తుంది. జూన్‌లో కొని ఏడాది ఉంటుందనుకుంటే, సెప్టెంబరు 1 పొద్దున అల్మరాలోని పిస్టల్ నేరంగా మారుతుంది. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ బాధ లేదు.

చేతిలో పట్టుకుంటేనే కలిగి ఉన్నట్టు అనుకోవద్దు. గ్యాస్ స్టేషన్‌లో కౌంటర్ కింద యజమాని ఉంచిన పిస్టల్ మీ అందుబాటులో, మీ అదుపులో ఉంటే అదీ మీ మెడకు చుట్టుకోవచ్చు. మనవడిని చూసుకోవడానికి వచ్చిన అమ్మానాన్నలకు తుపాకీ పెట్టె కోడ్ చెప్పి ఉంచడం కూడా అలాంటిదే. చెప్పకండి.

అపోహ: తుపాకీ కనబడితే దొంగ దగ్గరికి రాడు.

దారిన పోయే చిల్లర దొంగ రాకపోవచ్చు. ముందే అనుకుని వచ్చినవాడికి మాత్రం మొదట ఎవరిని పడగొట్టాలో మీరే చూపించినట్టు. పైగా వాడికి పిస్టలే మంచి సరుకు. పోలీసుల నడుము మీది హోల్‌స్టర్‌కు (పిస్టల్ ఒరకు) రెండు మూడు లాకులు ఎందుకుంటాయంటే, వెనక నుంచి లాక్కోవడం వాళ్లకు ఎప్పుడూ ఉండే ముప్పు కాబట్టి. టెక్సాస్ చట్టం మాత్రం కనబడే పిస్టల్ హోల్‌స్టర్‌లో ఉండాలని అడిగి ఊరుకుంటుంది, లాకు గురించి మాట్లాడదు. అందుకే పట్టు తప్ప లాకు లేని హోల్‌స్టర్‌ను బయటికి పెట్టుకుని దుకాణం వరసలో నిలబడేవాళ్లు కనిపిస్తుంటారు. చూసేవాళ్లకే భయమేస్తుంది.

బయటికి పెట్టుకోవాల్సిన పనే ఉంటే కనీసం బొటనవేలితో విడిపించే లాకు ఉన్నది కొనండి. మోచేయి పిస్టల్ మీద ఆనించి ఉంచడం, ఎదుటి మనిషికి తుపాకీ లేని పక్క తిప్పి నిలబడటం అలవాటు చేసుకోండి. పొలంలోనో వేటలోనో అయితే ఓపెన్ క్యారీయే (కనబడేలా పెట్టుకోవడమే) సుఖం. ఊళ్లో, పిల్లలతో తిరిగే మామూలు మనిషికి దాచుకోవడమే మేలని మా అభిప్రాయం.

అపోహ: దాచుకోవడమంటే బొడ్లో దోపుకోవడమే.

సినిమాల్లో చూపించే ఈ పద్ధతిలో పిస్టల్ ప్యాంటులోకి జారుతుంది. జారుతుంటే పట్టుకోబోయిన వేలు ట్రిగర్ మీద పడుతుంది. తుపాకీ పేలడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు.

హోల్‌స్టర్‌లో చూడాల్సినవి మూడు. ట్రిగర్ గార్డు పూర్తిగా, గట్టిగా మూసుకుపోవాలి: బయటి నుంచి వేలితో నొక్కితే ట్రిగర్ కదలకూడదు. పిస్టల్ తీశాక నోరు తెరుచుకునే ఉండాలి. మీ మోడల్‌కే పోసినదై ఉండాలి. అన్ని పిస్టళ్లకూ సరిపోతుందని అమ్మే మెత్తటి నైలాన్ సంచులు ఈ మూడింటిలోనూ తప్పుతాయి. కైడెక్స్ ప్లాస్టిక్‌ది తీసుకోండి. అంగుళంన్నర వెడల్పున్న బిరుసు బెల్టు కూడా కావాలి. మెత్తటి ఆఫీసు బెల్టు బరువుకు వంగితే పిడి బయటికి వాలుతుంది, చొక్కా కింద బుడిపె తేలుతుంది.

చాలా ప్రమాదాలు తీసేటప్పుడు కాక తిరిగి పెట్టేటప్పుడు జరుగుతాయి. చలికోటు తాడు చివరి ప్లాస్టిక్ ముడి గానీ, చొక్కా అంచు గానీ హోల్‌స్టర్‌లోకి దూరి, పిస్టల్‌ను కిందికి నొక్కేకొద్దీ అదే ట్రిగర్‌ను లాగుతుంది. వేలు ఫ్రేమ్ పక్కన చాచి, రెండో చేత్తో బట్ట పూర్తిగా తప్పించి, కళ్లతో చూస్తూ నెమ్మదిగా పెట్టాలి. ఏదైనా అడ్డు తగిలితే ఆపి, బయటికి తీయాలి. తిరిగి పెట్టడానికి తొందరేముంది?

అపోహ: దాచుకుంటే అవసరానికి తీయలేం.

సాధన లేకపోతే నిజంగానే తీయలేరు. బట్ట ఎత్తే పని అదనం కాబట్టి సెకనులో కొన్ని పదో వంతులు ఆలస్యమవుతుంది. ఎడమచేత్తో చొక్కా అంచును గుప్పిట పట్టి రొమ్ము దాకా లాగాలి, అప్పుడే కుడిచెయ్యి పిడి మీదికి వెళ్లాలి. సగం ఎత్తి వదిలితే బట్ట పిడికీ అరచేతికీ మధ్య ఇరుక్కుంటుంది. ఇంట్లో ఖాళీ పిస్టల్‌తో రోజూ పది నిమిషాలు చాలు, తూటాలన్నీ వేరే గదిలో పెట్టేశాక.

ఇంకో సంగతి. రోజూ రాత్రి ఛాంబర్ (పేలడానికి సిద్ధంగా తూటా ఉండే గది) ఖాళీ చేసి పొద్దున అదే తూటా ఎక్కిస్తుంటే, తూటా కొసన ఉండే గుండు కొద్దికొద్దిగా దాని ఇత్తడి గొట్టంలోకి దిగిపోతుంది. అలాంటిది పేలిస్తే ఒత్తిడి ప్రమాదకరంగా పెరగవచ్చు. కొత్త తూటా పక్కన నిలబెట్టి చూడండి. పొట్టిగా కనబడితే వాడకండి.

అపోహ: లైసెన్స్ తీసుకోవడం ఇప్పుడు దండగ.

ఫీజు 40 డాలర్లు, క్లాసు 4 నుంచి 6 గంటలు, 3, 7, 15 గజాల దూరంలో 50 రౌండ్ల పరీక్ష, 250కి 175 వస్తే పాస్. బదులుగా దొరికేది చిన్నదేమీ కాదు. బడికి 1,000 అడుగుల లోపు తుపాకీ ఉండకూడదన్న ఫెడరల్ నిబంధన ఉంది. బడి ఉన్న రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ ఉన్నవాళ్లకు అందులో మినహాయింపు. లేనివాళ్లు లోడ్ చేసిన పిస్టల్‌తో బడి ముందు రోడ్డు మీద కారులో పోయినా చిక్కే. పక్కనే ఉన్న న్యూ మెక్సికోలో నింపిన పిస్టల్ కనబడేలా పెట్టుకుంటే లైసెన్స్ అడగరు, ఒంటి మీద దాచుకుంటే అడుగుతారు. ఇల్లినాయ్‌లో అయితే ఓపెన్ క్యారీయే లేదు. రాష్ట్రం దాటితే చట్టం తిరగబడుతుందని గుర్తుంచుకోండి.

గోడ మీది బోర్డులు కూడా ఈ లెక్కలోవే. వాటి మీది అంకెలు టెక్సాస్ శిక్షాస్మృతి సెక్షన్లు. 30.06 అంటే లైసెన్స్ ఉన్నా దాచుకుని రావద్దని, 30.07 అంటే లైసెన్స్ ఉన్నా కనబడేలా రావద్దని. 30.05 లైసెన్స్ లేనివాళ్లకు. చూడకుండా వెళ్తే 200 డాలర్ల దాకా జరిమానా. నోటితో వెళ్లిపొమ్మన్నాక కూడా కదలకపోతే ఏడాది దాకా జైలు. ఎర్రటి 51% బోర్డు (ఆదాయంలో సగానికి పైగా అక్కడే తాగే మద్యం నుంచి వస్తుందని చెప్పేది) ఉన్న బార్లోకి ఎవరూ తీసుకెళ్లకూడదు.

అపోహ: కాల్చకుండా ఊరికే చూపిస్తే నేరం కాదు.

పార్కింగ్ గొడవలో చొక్కా ఎత్తి పిడి చూపించడం ఆత్మరక్షణ కిందికి రాదు. బలప్రయోగం న్యాయమైన పరిస్థితి ఉంటేనే బెదిరింపుకూ రక్షణ దొరుకుతుంది. లేదంటే జనాన్ని భయపెట్టేలా ఆయుధం చూపిన కేసు, లేదా అంతకన్నా పెద్దది. అదే చొక్కా కింద ఆకారం తేలడం, గాలికి అంచు లేచి హోల్‌స్టర్ కనబడటం టెక్సాస్‌లో నేరాలు కావు. కారు సీటు మీద హోల్‌స్టర్ లేకుండా బయటికి కనబడేలా పడేయడం మాత్రం నేరం. కారు దిగి పోస్టాఫీసులోకి వెళ్లాల్సి వస్తే, సీటు ఫ్రేముకు కేబుల్‌తో కట్టిన లాక్‌బాక్స్‌లో పెట్టండి. అది కూడా పోస్టాఫీసు పార్కింగ్‌లో కాకుండా బయట రోడ్డు మీద ఆపి. ఆ ఆవరణకు కూడా నిషేధం ఉంది.

అపోహ: విమానానికి తుపాకీ ఇంట్లో పెట్టేస్తే చాలు.

రేంజికి (కాల్పులు సాధన చేసే చోటికి) తీసుకెళ్లే బ్యాగే ఇండియా ప్రయాణానికి కూడా వాడితే, అడుగున కుట్టు మడతలో ఒక తూటా మిగిలిపోతుంది. శంషాబాద్‌లో స్కానర్‌కు అది దొరికితే ఒక్కటైనా సరే ఆయుధ చట్టం కేసే. టెక్సాస్ లైసెన్స్ అక్కడ కాగితం ముక్క. రేంజి బ్యాగు వేరే రంగులో కొని, గ్యారేజీలోనే ఉంచండి. ఎప్పుడో వాడిన పాత బ్యాగు తీసుకెళ్లక తప్పకపోతే ప్రతి జేబునూ తిరగేసి, నేల మీద దులిపి, అస్తరు మీద వేళ్లతో తడిమి చూశాకే సర్దుకోండి.