ఆముదంతో నైలాన్

పల్లీ నూనెను వేళ్ల మధ్య రుద్దితే జారిపోతుంది. ఆముదమైతే అంటుకుని తీగలా సాగుతుంది. ఆ జిగటంతా రిసినోలియిక్ ఆమ్లం వల్లే. ఆముదంలోని కొవ్వు ఆమ్లాల్లో 85 నుంచి 90 శాతం దాకా అదే ఉంటుంది. 18 కార్బన్ల గొలుసులో పన్నెండో కార్బన్ దగ్గర ఒక హైడ్రాక్సిల్ గుంపు (ఆక్సిజన్, హైడ్రోజన్ జంట) ఉండి పక్క అణువులను పట్టి లాగుతుంది, అందుకే అంత చిక్కదనం. చిన్న అణువులను గొలుసులుగా ముడివేసి పాలిమర్ చేసేవాళ్లకు పనికొచ్చేది కూడా ఆ గుంపే.

నూనెను మిథనాల్‌తో కలిపి మిథైల్ ఎస్టర్ అనే రసాయనంగా మార్చి, ఆవిరితో పాటు 500 డిగ్రీల పైచిలుకు వేడికి గురిచేస్తారు. హైడ్రాక్సిల్ గుంపు ఉండటం వల్ల గొలుసు ఎక్కడపడితే అక్కడ తెగదు, సరిగ్గా పదకొండో, పన్నెండో కార్బన్ల మధ్యే తెగుతుంది. ఏడు కార్బన్ల ముక్క అత్తర్ల తయారీకి పోతుంది. పదకొండు కార్బన్ల ముక్కకు ఒక చివర నైట్రోజన్ ఉండే అమీన్ గుంపు తగిలించి, వాటిని వరసగా ముడివేస్తే నైలాన్-11 అనే ప్లాస్టిక్ వస్తుంది. 1940ల్లో ఫ్రాన్స్‌లో రూపుదిద్దుకున్న ఈ పదార్థం రిల్సాన్ పేరుతో ఇప్పటికీ అమ్ముడవుతోంది. లారీల ఎయిర్ బ్రేక్ గొట్టాలు దీనితో చేస్తారు.

ఇది మట్టిలో కలిసిపోదు. చెట్టు నుంచి వచ్చింది కదా, కుళ్లిపోతుందిలే అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. మొక్కజొన్న పిండి నుంచి తీసే పాలీలాక్టిక్ ఆమ్లం అనే ప్లాస్టిక్ కూడా 60 డిగ్రీల దగ్గర నడిచే పెద్ద కంపోస్టు కేంద్రాల్లోనే త్వరగా విచ్ఛిన్నమవుతుంది. పెరట్లోనో సముద్రంలోనో పడేస్తే ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. నా మటుకు, బ్రేకు గొట్టం కుళ్లకపోవడమే మంచిది. పెట్రోలియం తవ్వకుండా, మొక్క గాలిలోంచి తీసుకున్న కార్బన్‌తో అది తయారవడమే ఇక్కడ లాభం. ఒక్కసారి వాడి పారేసే కవర్లకు ఇది జవాబు కాదు.

ప్రపంచంలో ఆముదం అత్యధికంగా పండేది మన దేశంలోనే, అందులో సింహభాగం గుజరాత్‌ది. పాలమూరు, నల్లగొండ చల్క నేలల్లోనూ వానాధారంగా వేస్తారు. తిండిగింజల పొలంతో పెద్దగా పోటీ లేదు కాబట్టి మొక్కజొన్న కన్నా ఇదే నయం అనిపిస్తుంది. కానీ గెల వేసే వేళ ముసురు పట్టిందంటే బూజు తెగులు సోకి గెలకు గెలే కుళ్లిపోతుంది. తెగులును తట్టుకునే రకాల కోసం హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని నూనెగింజల పరిశోధన సంస్థలో పని జరుగుతోంది. మొక్కల ప్లాస్టిక్ మీద పెట్టే డబ్బులో కొంతయినా ఆ పనికి చేరాలి.