మార్ఫిన్‌కు అలవాటుపడ్డ ఒళ్లు, ఆపరేషన్ నొప్పి

ఆపరేషన్ అయ్యాక నొప్పి తగ్గడానికి అందరికీ సరిపోయే మార్ఫిన్ డోసు కొందరికి ఏ మూలకూ చాలదు. క్యాన్సర్ నొప్పికి నెలల తరబడి మార్ఫిన్ వాడుతున్నవాళ్లు, హెరాయిన్ లాంటి వాటి నుంచి బయటపడటానికి మెథడోన్, బుప్రెనార్ఫిన్ తీసుకుంటున్నవాళ్లు ఈ కోవలోకి వస్తారు. రోజుకు కనీసం 60 మిల్లీగ్రాముల మార్ఫిన్ మాత్రలకు సమానమైన మందును వారం, ఆపైన వాడితే ఒళ్లు అలవాటుపడినట్టేనని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ లెక్క. అలాంటి మనిషి "ఇంకా నొప్పిగా ఉంది సిస్టర్" అంటే మత్తు కోసమే అడుగుతున్నాడనుకోవడం చాలాకాలం సాగింది. ఇది ఘోరమైన అన్యాయం.

1960ల నడుమ న్యూయార్క్‌లో విన్సెంట్ డోల్, మేరీ నైస్వాండర్ అనే డాక్టర్లు హెరాయిన్‌కు బానిసలైనవాళ్లకు రోజూ మెథడోన్ ఇచ్చే చికిత్స మొదలుపెట్టారు. ఒక్క డోసుతో రోజంతా హెరాయిన్ కోసం తహతహ ఉండదు. కానీ నొప్పిని ఆపే గుణం 4 నుంచి 8 గంటలే. ఈ తేడా తెలియక "మెథడోన్ ఇస్తూనే ఉన్నాం కదా, ఇక నొప్పేమిటి?" అని వదిలేసిన వార్డులెన్నో.

2002లో అమెరికా ఈ వ్యసన చికిత్సకు బుప్రెనార్ఫిన్‌ను అనుమతించాక కొత్త చిక్కు వచ్చింది. అది నరాల్లో ఈ రకం మందులు అతుక్కునే చోట్లను (గ్రాహకాలను) పట్టుకుంటే ఓ పట్టాన వదలదు. వేరే మందు పనిచేయదన్న భయంతో ఆపరేషన్‌కు కొన్ని రోజుల ముందే మానిపించేవారు. దాంతో నొప్పికి విత్‌డ్రాయల్, అంటే అలవాటైన మందు ఆగినప్పుడు ఒళ్లు పడే యాతన, తోడయ్యేది, కొందరు మళ్లీ పాత మత్తులోకి జారిపోయేవారు. అనుభవం మీద ఆలోచన మారింది. ఇప్పుడు చాలావరకు దాన్ని ఆపకుండానే ఆపరేషన్ చేస్తున్నారు. రోజువారీ మందు రోజువారీదే, ఆపరేషన్ నొప్పికి మందు దానికి అదనం. నెర్వ్ బ్లాకులు (ఆ భాగం నరాన్ని మొద్దుబార్చే ఇంజెక్షన్లు), పారాసిటమాల్, తక్కువ మోతాదులో కెటమిన్ అనే మత్తుమందు తోడుంటే ఆ అదనం తగ్గుతుంది. ఈ మందులు ఊపిరిని నెమ్మదింపజేస్తాయి కాబట్టి అది ఎలా ఆడుతోందో మాత్రం కనిపెట్టి చూడాల్సిందే.

మన దగ్గర కథ వేరు. మత్తుమందులను కట్టడి చేసే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంతో ఆస్పత్రులు మార్ఫిన్ పెట్టుకోవడానికే జంకాయి. 2014 సవరణ ఆ నిబంధనలను కొంత సడలించింది. ఈలోగా వార్డుల్లో పెంటజొసిన్ అనే నొప్పి ఇంజెక్షన్ బాగా పాతుకుపోయింది. రోజూ మార్ఫిన్ వాడే క్యాన్సర్ పేషెంటుకు అది ఇస్తే మార్ఫిన్ ప్రభావానికి అడ్డుపడుతుంది. చెమటలు, వణుకు, వాంతులు మొదలై, తగ్గాల్సిన నొప్పి ఇంకా పెరగొచ్చు. అందుకే ఇంట్లో వాడే మార్ఫిన్ ఎంతో, చివరి మాత్ర ఎప్పుడు వేసుకున్నారో ఆపరేషన్‌కు మత్తు ఇచ్చే డాక్టరుకు ముందే చెప్పి కేస్ షీటులో రాయించాలి.