“మేడమ్, పి-వాల్యూ రాలేదు”: రోజూ వినే కొన్ని అపోహలు

థీసిస్ గడువు దగ్గర పడితే చాలు, నా గది ముందు పీజీ డాక్టర్లు బారులు తీరతారు. చేతిలో ల్యాప్‌టాప్, అందులో ఎక్సెల్ షీట్, కళ్లలో రాత్రి డ్యూటీ నిద్ర. ఎవరిని కదిపినా ఒకటే మాట: “మేడమ్, పి-వాల్యూ రాలేదు.” రాకపోవడం అంటూ ఉండదు. 0.38 వచ్చినా వచ్చినట్టే. నిజంగా తేడా ఏమీ లేకపోయినా ఇలాంటి ఫలితం ఊరికే ఎంత తరచుగా వస్తుందో చెప్పే అంకె అది; 0.05 కంటే తక్కువైతే ఫలితం ‘సిగ్నిఫికెంట్’ అంటారు. అంత తక్కువ రాలేదని వాళ్ల బాధ. హైదరాబాద్‌లో మెడికోలకు బయోస్టాటిస్టిక్స్ (వైద్య పరిశోధనలకు వాడే గణాంక శాస్త్రం) చెబుతూ, వాళ్ల లెక్కలు సరిచూస్తూ ఉంటాను కాబట్టి ఈ అపోహలన్నీ నాకు బాగా పాత చుట్టాలు.

అపోహ: పి-వాల్యూ 0.03 అంటే మందు పనిచేయకపోవడానికి 3 శాతమే అవకాశం. అంటే 97 శాతం పనిచేస్తున్నట్టే.

వాస్తవం: అన్నిటికంటే మొండి అపోహ ఇదే. దీన్ని వదిలించడానికి బోర్డు కంటే ఇరానీ చాయ్ బాగా పనికొస్తుంది.

మాతో పనిచేసే ఒకాయన, కప్పులో ముందు డికాక్షన్ పోశారా, పాలు పోశారా అన్నది ఒక్క గుటకలో చెప్పేస్తానని పందెం కాశారు. ఇరానీ చాయ్‌కి డికాక్షన్ వేరుగా, పాలు వేరుగా కాగుతాయి కాబట్టి పరీక్ష పెట్టడం తేలికే. నారాయణగూడలో ఒక హోటల్ వాళ్లను బతిమాలి 8 కప్పులు పోయించాం. నాలుగింటిలో పాలు ముందు, నాలుగింటిలో డికాక్షన్ ముందు. ఏ కప్పు ఎప్పుడివ్వాలో చీటీలు తీసి తేల్చాం. పాలు ముందు పోసిన నాలుగూ ఏవో ఆయన ఏరాలి.

ఎనిమిదిలోంచి నాలుగు ఏరడానికి 70 దారులున్నాయి. నాలుకకు ఏమీ తెలియకుండా గుడ్డిగా ఏరినా, నాలుగూ సరిపోయే దారి 70లో ఒకటి. అంటే 0.014. పందెం కాసినాయన మూడే పట్టారు. మూడు గానీ నాలుగు గానీ గుడ్డిగా తగిలే దారులు 17. 17ను 70తో భాగిస్తే 0.24. అదే పి-వాల్యూ.

ఇక్కడ కాస్త ఆగండి. ఈ లెక్క “ఆయనకు ఏమీ తెలియదనుకుందాం” అన్న మాటతోనే మొదలైంది. శూన్య పరికల్పన అంటే అదే. అలా అనుకున్నాక, ఇంత బాగా గానీ ఇంతకంటే బాగా గానీ చెప్పడం ఎంత తరచుగా జరుగుతుందో చూశాం. ఆయనకు నిజంగా తెలుసా లేదా అనే దానికి శాతం ఇందులో ఎక్కడా లెక్క కట్టలేదు. ముందే ఒప్పేసుకున్న మాట ఎంతవరకు నిజమో అదే లెక్క ఎలా చెబుతుంది? మందు సంగతీ ఇంతే. 1000 కొత్త మందులు పరీక్షించామనుకోండి. వాటిలో 100 నిజంగా పనిచేసేవి, మన పరీక్ష అలాంటి వాటిలో 80 శాతాన్ని పడుతుంది. 80 మంచివి దొరుకుతాయి. మిగతా 900లో 5 శాతం, అంటే 45 పనికిరానివి కూడా 0.05 గీత లోపలికి వచ్చేస్తాయి. ‘సిగ్నిఫికెంట్’ ముద్ర పడిన 125లో 45 ఉత్తవే, 36 శాతం!

(చాయ్ పరీక్ష మా సొంత తెలివేమీ కాదు. 1920ల్లో ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో మ్యూరియల్ బ్రిస్టల్ అనే శాస్త్రవేత్త ఇలాంటి మాటే అన్నారు. దాన్ని పట్టుకుని గణాంక శాస్త్రవేత్త రొనాల్డ్ ఫిషర్ 1935 నాటి తన పుస్తకంలో ఈ 8 కప్పుల లెక్క రాశాడు. ఆమె ఎన్ని సరిగ్గా చెప్పారో మాత్రం అందులో రాయలేదు. ఆ ఫిషర్ దగ్గరే మన సి.ఆర్. రావు గారు కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ చేశారు.)

అపోహ: 0.05 దాటింది కాబట్టి తేడా లేదు.

వాస్తవం: మా చాయ్ ఆయన ఇప్పటికీ దీని మీదే పోట్లాడతారు. “ఎనిమిది కప్పులతో ఏం తేలుతుందండీ?” అని. న్యాయమైన మాటే. ఆ పరీక్షలో నాలుగూ చెబితే తప్ప 0.05 కిందికి రావడం కుదరదు. ఒక్కటి తప్పినా గల్లంతే.

థీసిస్‌లలో ఇదే జరుగుతుంది. గుంపుకు 12 మంది, బీపీ తగ్గుదలలో తేడా సగటున 8 పాయింట్లు, ప్రామాణిక విచలనం (మనిషికీ మనిషికీ మధ్య హెచ్చుతగ్గులు ఎంతో చెప్పే అంకె) 15. పి-వాల్యూ 0.2 దగ్గర వస్తుంది. అది చూసి ‘రెండు మందులూ సమానం’ అని రాసేస్తారు. అదే డేటాకు 95 శాతం విశ్వాస అంతరం (ఈ డేటాకు పొసగే తేడాల పరిధి) కట్టి చూడండి: మైనస్ 5 నుంచి 21 దాకా ఉంటుంది. అంటే కొత్త మందు కొంచెం నష్టమూ కావచ్చు, బ్రహ్మాండమైన లాభమూ కావచ్చు. సమానమని తేలలేదు, అసలేమీ తేలలేదు. అంతమందితో తేలదని మొదటి రోజే చెప్పేదాన్ని, అడిగి ఉంటే. డేటా అంతా పోగుచేశాక వస్తారు!

అపోహ: పి ఎంత చిన్నదైతే మందు అంత గొప్పది.

వాస్తవం: గుంపుకు 10,000 మందిని తీసుకుంటే, అదే విచలనంతో బీపీలో అర పాయింటు తేడాకు కూడా పి-వాల్యూ 0.02 లోపు వస్తుంది. అర పాయింటు కోసం ఏ డాక్టరైనా మందు మారుస్తారా? తేడా ఎంతో ముందు చూడాలి, చిన్న పి-వాల్యూ పక్కన పెట్టే నక్షత్రం గుర్తులు తర్వాత.

అపోహ: 0.05 అనేది సైన్సు గీసిన గీత.

వాస్తవం: 1925లో ఫిషర్ ఇరవైలో ఒకటి అనే హద్దు వీలుగా ఉంటుందన్నాడు. అది అలాగే స్థిరపడిపోయింది. 2012లో హిగ్స్ బోసాన్ అనే మూలకణం దొరికిందని ప్రకటించడానికి భౌతిక శాస్త్రవేత్తలు పెట్టుకున్న హద్దు దాదాపు 35 లక్షల్లో ఒకటి. ఏదో ఒక గీత దాటిందా లేదా అన్నదాని మీదే నిర్ణయాలు తీసుకోవద్దని అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో ప్రకటన కూడా ఇచ్చింది. అయినా 0.049కి స్వీట్లు పంచి, 0.051కి దిగులు పడేవాళ్లను చూస్తూనే ఉన్నాను.

సాఫ్ట్‌వేర్ 0.000 అని చూపిస్తే సున్నా అనుకోవడం ఇంకొకటి. అది మూడు దశాంశాల దగ్గర ఆగిపోయిందంతే. 0.001 కంటే తక్కువ అని రాయండి, చాలు.

అపోహ: ఒక పద్ధతిలో రాకపోతే ఇంకో పద్ధతిలో చూడటం తప్పేం కాదు.

వాస్తవం: పోయిన సీజన్‌లో ఒకబ్బాయి వచ్చాడు. పి-వాల్యూ 0.08. “వన్-టెయిల్ చేస్తే 0.04 అవుతుంది కదా మేడమ్?” అన్నాడు. వన్-టెయిల్ అంటే తేడాను లాభం వైపో నష్టం వైపో ఒకవైపే చూడటం. లెక్క కరెక్టే, సగం అవుతుంది. కానీ ఒకవైపే చూస్తానని డేటా ముట్టుకోక ముందు ప్రొటోకాల్‌లో రాసుకోవాలి. ఫలితం చూశాక వైపు ఎంచుకుంటే, బంతి పడ్డాక వికెట్లు పాతుకున్నట్టే. “పోనీ ఆడవాళ్లను వేరుగా చూద్దామా? అరవై దాటినవాళ్లను?” అన్నాడు. ఏ తేడా లేని చోట కూడా, ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేస్తే కనీసం ఒకటైనా 0.05 కిందికి వచ్చే అవకాశం 64 శాతం. అది చెబితే కాసేపు మాట్లాడలేదు.

తర్వాత మెల్లగా అసలు సంగతి బయటపెట్టాడు. “మా గైడ్ సార్ సిగ్నిఫికెంట్ లేకపోతే సంతకం పెట్టరేమోనని టెన్షన్ మేడమ్.” ఆ సార్‌కు నేనే ఫోన్ చేశాను. పది నిమిషాలు మాట్లాడాక, “సరేనమ్మా, 0.08 అనే రాయమనండి. ఆ అంతరం ఏదో అన్నారు కదా, అదీ పక్కన పెట్టమనండి” అన్నారు.