పిడి దగ్గర పగులు

కుమ్మరి సారె మీద మట్టిని నడిమధ్యకు తెచ్చి గిన్నె లాగడం చేతికొచ్చాక అసలు పాఠాలు మొదలవుతాయి. కప్పుకు పిడి, కూజాకు మూత, టీపాట్‌కు కొమ్ము. విడిగా చేసినవాటిని ఒకటిగా నిలబెట్టాలి. స్టూడియో క్లాసులో నేను అతికించిన మొదటి పిడి సాయంత్రానికి గట్టిగానే ఉంది. తెల్లారి చూస్తే దాని మొదట్లో వెంట్రుకంత పగులు.

నీళ్ళు చేసిన పని అది. బంకమట్టి అంటే కంటికి కనిపించనంత చిన్న, పలుచటి రేకుల గుట్ట. రేకుల మధ్య నీటి పొర ఉన్నంతసేపు అవి ఒకదాని మీద ఒకటి జారతాయి, మట్టి మన చేతి మాట వింటుంది. నీళ్ళు ఆరేకొద్దీ రేకులు దగ్గరకు జరుగుతాయి. మామూలుగా పూర్తిగా ఆరేసరికి వస్తువు 5 నుంచి 8 శాతం దాకా కుంచించుకుపోతుంది. నా కప్పు అప్పటికే చాలావరకు ఆరింది, పిడి మాత్రం పచ్చిగా ఉంది. ఇంకా కుంచించుకోవాల్సింది పిడే. పాపం, ఆ లాగుడంతా అతుకు మీద పడింది.

అందుకే రెండింటినీ ఒకే తడి దగ్గర కలపాలి. ముట్టుకుంటే వేలికి అంటకూడదు, గోరు గుచ్చితే దిగాలి. రెండు వైపులా గాట్లు పెట్టి, అదే మట్టిని నీళ్ళలో చిక్కగా కలిపిన స్లిప్ పూసి, కొంచెం కదిలిస్తూ నొక్కాలి. తర్వాత ప్లాస్టిక్ కవరు కప్పి నిదానంగా ఆరనివ్వాలి. సన్నగా ఉండే పిడి కప్పుకన్నా ముందే ఆరిపోతుంది కాబట్టి, దానికి ఇంకో తడిగుడ్డ చుడితే మరీ మంచిది. ఇక్కడ తొందర పనికిరాదు.

ఆరిన మట్టిలోనూ నీరు దాగి ఉంటుంది. కెయోలినైట్ అనే మట్టి ఖనిజం బరువులో దాదాపు 14 శాతం, దాని స్ఫటికంలోనే కట్టుబడి ఉన్న నీరు. బట్టీలో సుమారు 450 నుంచి 600 డిగ్రీల సెల్సియస్ మధ్య అది బయటపడుతుంది. ఆ తర్వాత ఎంత నానబెట్టినా ఆ కప్పు మళ్ళీ ముద్ద కాదు. నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరించే సంగతి ఇదే.

గ్లేజ్ దగ్గర మళ్ళీ అతుకు సమస్యే. గ్లేజ్ అంటే కప్పు మీద కరిగి అంటుకునే గాజు పొర. గాజుకు మూలమైన సిలికా కరగాలంటే 1,700 డిగ్రీలు దాటాలి. తక్కువ వేడికే కరిగేలా చేసే ఫ్లక్స్ అనే పదార్థం కలిపితే 1,200 దగ్గరే కరుగుతుంది. చల్లారేటప్పుడు కప్పుకన్నా గ్లేజ్ ఎక్కువ కుంచించుకుంటే దాని మీద సన్నటి పగుళ్ళ వల పడుతుంది. అలాంటి కప్పును బట్టీలోంచి తీసి బల్ల మీద పెడితే, ఒక్కోసారి చాలాసేపు టింగ్, టింగ్ మంటూనే ఉంటుంది.